ఎడమచేతి పూలు

జూన్ 2, సోమవారం

ఈ నోటుబుక్కు కొలతలు రాయడానికి కొన్నాను. నా బుర్రలో ఉన్న కొలతలన్నీ మా అబ్బాయికి కుదిరిన పిల్లకి కాగితం మీద కావాలట. బట్టల ఫ్యాక్టరీలో కుట్లు తనిఖీ చేసే ఉద్యోగం కదా, కళ్ళతో చూస్తేగాని దేన్నీ నమ్మదు. వచ్చే నెల ఇరవైన నిశ్చితార్థం. ఆ రోజు హాలంతా నా కాగితం పూలతోనే అలంకరించాలనీ, సగం పూలు తనే చేస్తాననీ పట్టుబట్టింది. కాబోయే కోడలు నా పని నేర్చుకుంటానంటే నాకు మాత్రం చేదా.

గులాబీ: క్రేప్ పేపరు. లోపలి రేకలు ఐదు, రెండంగుళాలు. బయటి రేకలు ఎనిమిది, మూడంగుళాలు. ముడతలు నిలువుగా ఉండేలా కత్తిరించాలి. అడ్డంగా కత్తిరిస్తే రేక సాగదు, చిరుగుతుంది.

ఇరవై రెండేళ్లుగా నాకిదే పని. పుట్టినరోజులకి రంగు గొలుసులు, పెళ్లిళ్లకి పూలు, బడి ఫంక్షన్లకి నక్షత్రాలు, ఎవరైనా కొత్త షాపు తెరిస్తే గుమ్మానికి విసనకర్రలు. ఆయన పోయాక ఈ కత్తెరే మా ఇద్దరికీ అన్నం పెట్టింది. నాకు నలభై ఎనిమిది, చిన్నోడికి ఇరవై ఏడు. ఉన్నది ఒక్కడే అయినా చిన్నోడనే పిలుస్తాను. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్కు. బయట ఎవరినడిగినా అంత మర్యాదస్థుడు లేడంటారు.

కొలతలు రాయబోయి సొంత సోది రాశాను. ఇది నేనే ఉంచుకుని ఆ పిల్లకి ఇంకో పుస్తకం కొంటాను.

జూన్ 5

టిష్యూ బంతి: ఎనిమిది కాగితాలు ఒకదాని మీద ఒకటి పరిచి, విసనకర్రలా మడిచి, నడుముకి తీగ కట్టాలి. రెండు కొసలూ గుండ్రంగా కత్తిరించి, ఒక్కో పొరా మెల్లగా పైకి లాగాలి. ఆ పిల్లకి మొదటిసారే వచ్చేసింది. "ఇంత తేలికా అత్తయ్యా" అని నవ్వింది. ఇప్పటినుంచే అత్తయ్యా అంటోంది.

చిన్నోడు ఈమధ్య బాగుంటున్నాడు. పెళ్లి కుదిరి నెల దాటింది, ఈ నెల రోజుల్లో ఒక్కసారే కోపం తెచ్చుకున్నాడు. అదీ నా తప్పే, వాడు ఫోనులో మాట్లాడుతుంటే గిన్నెలు చప్పుడు చేశాను. పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి.

జూన్ 11

చేయి బెణికింది.

జూన్ 12

ఎడమ చేత్తో రాస్తున్నాను, కోడి కెలికినట్టుంది. బెణికిందని నిన్న రాశాను. బెణకలేదు, విరిగింది. నా పుస్తకంలో నేను అబద్ధం రాసుకుంటే ఎవరు మెచ్చుకుంటారు.

నిన్న మధ్యాహ్నం చిన్నోడు భోజనానికి వచ్చాడు. బల్ల మీద అరవై పూలు ఆరుతున్నాయి. "రెండు నిమిషాలు ఆగు నాన్నా, జిగురు ఆరలేదు" అన్నాను. అంతే అన్నాను. ఒక పువ్వు తీసి చూశాడు. "నా అన్నం కన్నా ఇదెక్కువైందా" అన్నాడు. గొంతు కూడా పెంచలేదు. నా కుడి మణికట్టు పట్టుకుని, బల్ల అంచుకి ఆనించి, కిందికి వంచాడు. నేను ఆపమని అనలేదు. ఆపమంటే ఇంకా వంచుతాడని తెలుసు. ఎండుపుల్ల విరిచినట్టు చప్పుడైంది. తర్వాత పూలన్నీ నేల మీదకి ఊడ్చి, బూటుతో ఒక్కొక్కటే తొక్కాడు. అరవై తొక్కడానికి చాలాసేపు పట్టింది. నేను చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుని చూశాను.

ఆ తర్వాత వాడే బైకు మీద ఆస్పత్రికి తీసుకెళ్లాడు. కాగితాలన్నీ వాడే నింపాడు. "అమ్మకి అసలు జాగ్రత్త లేదండీ, మెట్లు చూసుకోదు" అని నర్సుతో అన్నాడు. ఆ అమ్మాయి "ఎంత అదృష్టవంతులండీ, ఈ రోజుల్లో ఇలాంటి కొడుకు" అంది. అవునన్నాను.

జూన్ 15

ఇంటిముందు పై వాటా టీచరమ్మ ఎదురైంది. "పడ్డారా? మళ్ళీనా?" అంది. ఆ మళ్ళీలో చాలా ఉంది. మా ఇంట్లో చప్పుడైతే పైన టీవీ సౌండు పెరుగుతుంది. పాపం ఆవిడ మాత్రం ఏం చేస్తుంది.

చిన్నోడి నాన్న నోట్లో నాలుక లేని మనిషి. ఆయన పోలిక కాదు. నేనూ వాడి మీద ఏనాడూ చెయ్యెత్తలేదు. ఇదెక్కడినుంచి వచ్చిందో.

జూన్ 16

స్కేలుతో కొట్టేదాన్ని. స్టీలు స్కేలు. వాడికి ఆరేడేళ్లప్పుడు. ఒకసారి పెళ్లివాళ్ళ దండ మొత్తం ముక్కలుగా కత్తిరించి ఆడుకున్నాడు. పొద్దున్నే ఇచ్చేయాల్సిన దండ. వేలి కణుపుల మీద, లెక్కపెడుతూ కొట్టాను. ఎంతవరకు లెక్కపెట్టానో గుర్తులేదు.

అందరూ కొడతారు పిల్లల్ని. దానికీ దీనికీ పోలికేంటి.

జూన్ 20, శుక్రవారం

కట్టు నెలన్నర ఉంచాలట. పని ఆపితే కుదరదు కాబట్టి ఎడమ చేత్తో రేకలు చుడుతున్నాను. నాకిది కొత్త కాదు. మెల్లగా అయినా పువ్వు పువ్వులాగే వస్తుంది.

చిన్నోడు వారం నుంచి పువ్వులా చూసుకుంటున్నాడు. వాడే ఇల్లు ఊడ్చాడు. నిన్న నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. "నువ్వు తప్ప నాకెవరున్నారమ్మా" అన్నాడు. తల నిమిరాను. కడుపున పుట్టినవాడు, ఏం చేయను.

జూన్ 29, ఆదివారం

ఆ పిల్లకి చిన్నోడంటే ప్రాణం. ఫోను మోగితే చాలు ముఖం వెలిగిపోతుంది. వాళ్ళ ఫ్యాక్టరీ లిఫ్టు ఆగిపోయినప్పుడు బాగుచేయడానికి వెళ్లాడు, అలా కుదిరింది. తల్లి లేదు, తండ్రి బస్సు డ్రైవరు, నిఖార్సైన మనిషి.

ఆ పిల్ల వస్తే వాడి చెయ్యి నా మీద పడేది తగ్గుతుంది.

పై లైను ఎందుకు రాశానో తెలియదు. గీకేద్దామని కలం పెట్టాను. ఉండనీ.

జూలై 6, ఆదివారం

ఇవాళ దాదాపు దొరికిపోయాను.

ఆ పిల్ల పొద్దున్నే వచ్చింది. ఎదురెదురుగా కూర్చుని గులాబీలు చుడుతున్నాం. తను చేసిన పువ్వూ నేను చేసిన పువ్వూ పక్కపక్కన పెట్టి చూసింది. "అత్తయ్యా, నాది కుడివైపుకి తిరిగింది, మీది ఎడమవైపుకి తిరిగిందే" అంది. ఎడమ చేత్తో చుడితే అంతేనమ్మా, రేకలు ఇటునుంచి అటు వస్తాయి అన్నాను. ఊఁ అంది. రెండూ ఇంకోసారి తిప్పి చూసి, పాత స్టాకు పెట్టెల్లో ఎర్రవి ఉన్నాయేమో చూస్తానని లోపలి గదిలోకి వెళ్లింది. ఎంతకీ రాలేదు.

వెళ్లి చూస్తే నేల మీద మూడు పెట్టెలు తెరిచి ఉన్నాయి. రంగు వెలిసేవి ముందు వాడాలని ప్రతి పెట్టె మీదా నెలా సంవత్సరం రాసే అలవాటు నాది. ఇరవై రెండేళ్లలో ఎవరూ నా పూలు తిప్పి చూడలేదు. ఈ పిల్ల రోజుకి వెయ్యి కుట్లు చూసే పిల్ల.

"ఈ మూడు పెట్టెల్లోవీ ఎడమకే తిరిగాయి. మిగతావన్నీ కుడికి. ఐదేళ్లలో మూడుసార్లు మీ కుడిచెయ్యి పనిచెయ్యలేదా అత్తయ్యా?"

"మెట్ల మీద పడ్డానమ్మా."

"మూడుసార్లూనా?"

"వయసు మీద పడుతోంది కదా."

"ఐదేళ్ల కిందట మీకు నలభై మూడే." కట్టు కేసి చూసింది. "ఇది కూడా మెట్లేనా? ఈ ఇంటికి మెట్లెక్కడున్నాయి, టీచరమ్మగారి మెట్లు తప్ప?"

వంగి ఒక పెట్టె మూత వేశాను. ఆ పిల్ల నా పక్కన కూర్చుంది. "అత్తయ్యా, నేను ఒక్కసారే అడుగుతాను. మీ అబ్బాయి మిమ్మల్ని కొడతాడా? మీరు ఒక్క మాట చెప్తే చాలు."

అవునని అంటే అయిపోయేది. "నా కొడుకు బంగారం" అన్నాను. గొంతు వణకలేదు కూడా. "మనసులో అలాంటివి పెట్టుకోకు తల్లీ."

ఆ పిల్ల ఊపిరి వదిలింది. నవ్వింది. నమ్మాలని ఎదురుచూస్తున్నట్టుంది, నమ్మేసింది.

జూలై 8

నిలబడలేకపోతున్నాను. కుడి డొక్కలో ఊపిరి తీస్తే పొడుస్తోంది.

ఆ పిల్ల ఫోనులో వాడితో సరదాగా అందట, మీ అమ్మ పూలు మూడు పెట్టెలు తిరగబడ్డాయేంటని. పాపం వేళాకోళానికే అంది. సాయంత్రం వచ్చి తలుపు గడియ పెట్టాడు. "ఏం చెప్పావు దానికి?" ఏమీ చెప్పలేదన్నాను. ఒట్టేశాను. జిగురు గిన్నె చెంప మీద పడింది. కింద పడ్డాక డొక్కలో తన్నాడు, రెండుసార్లు, తర్వాత కట్టున్న చేతి మీద కాలేసి నిలబడ్డాడు. లిఫ్టు బూట్లు, ముందు ఇనుము ఉంటుంది. పైన టీవీ సౌండు పెరిగింది.

అప్పుడు నా పెద్ద కత్తెర తీశాడు. నా ఎడమ చూపుడువేలు రెండు అంచుల మధ్య పెట్టాడు. "ఈ చేత్తో కూడా పూలు చుట్టకుండా చెయ్యనా" అన్నాడు. చల్లగా తగిలింది. నేను కదల్లేదు. కాసేపు అలాగే ఉంచి తీసేశాడు. కత్తెర తుడిచి మళ్ళీ డబ్బాలో పెట్టాడు, ఎంత పద్ధతో.

తీసేస్తూ ఒక మాటన్నాడు. "దానికి కళ్ళెక్కువ. పెళ్లవనీ, లెక్కపెట్టడం మానిపిస్తాను. వేళ్ళుంటేగా లెక్కపెట్టేది."

కోపంలో అనలేదు. రేపు ఫలానా లిఫ్టు బాగుచేయాలి అన్నట్టు అన్నాడు.

జూలై 9

వేళ్ళుంటేగా.

జూలై 10

నన్ను కొడితే తల్లిని, భరిస్తాను. ఆ పిల్ల ఏం పాపం చేసింది? నేను కావాలనే తెచ్చి పెట్టుకుంటున్నాను. నా బదులు ఉంటుందని. రాశాను కదా ఇరవై తొమ్మిదో తేదీన, నా చేత్తోనే రాశాను. ఎంత సిగ్గులేని బతుకు నాది.

పొద్దున ఫోను చేశాను. "అత్తయ్యా, తెల్ల పూలు నలభై అయ్యాయి" అంది. సరేనమ్మా అని పెట్టేశాను.

జూలై 14, సోమవారం

వాళ్ళింటికి వెళ్లాను. పిల్ల డ్యూటీలో ఉంది, అదే మంచిదనుకున్నాను, తండ్రికి చెప్పేద్దామని. ఆయన డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే ఉన్నాడు. "రండి చెల్లెమ్మా" అని కుర్చీ తుడిచి వేశాడు. తనే టీ పెట్టాడు. చెంప మీద మచ్చ చూసి ఏమైందన్నాడు. షెల్ఫు తలుపు తగిలిందన్నాను. నా నాలుకకి అబద్ధం అంత అలవాటైపోయింది, నన్నడక్కుండానే చెప్పేస్తుంది.

"మా అమ్మాయికి తల్లి లేని లోటు మీరు తీరుస్తారు చెల్లెమ్మా. నాకు నిద్ర పట్టేది మీ వల్లే" అన్నాడు.

పసుపు రంగు పూలు స్టేజీకి ఇటువైపా అటువైపా అని అడిగి వచ్చేశాను. దారంతా నన్ను నేను తిట్టుకున్నాను.

జూలై 17

నేను చెప్పలేను. ఎన్ని రకాలుగా చూసుకున్నా ఆ మాట నా నోటినుంచి రాదు. చెప్పినా వాడు పక్కనుంచి "అమ్మకి ఈమధ్య మతి సరిగా ఉండట్లేదు" అంటాడు, అందరూ నన్ను జాలిగా చూస్తారు. ఆ పిల్ల వాణ్నే నమ్ముతుంది. ప్రేమలో ఉన్నది కదా.

నోటితో చెప్పలేనిది కంటికి చూపించొచ్చు. ఆ పిల్ల కళ్ళతో చూస్తే నమ్మే పిల్ల.

వాడి కోపం దేనికి లేస్తుందో నాకు తెలుసు. ఐదేళ్లుగా ఏమేం చెయ్యకుండా జాగ్రత్తపడ్డానో అన్నీ తెలుసు. నలుగురిలో వాడి మాటకి అడ్డు చెప్పకూడదు. వాడు గొప్పగా చెప్పుకునేదాన్ని అబద్ధమనకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, నవ్వకూడదు.

జూలై 19, శనివారం

హాలు తయారైంది. మూడు వందల పూలు, పన్నెండు బంతులు, గుమ్మానికి గొలుసులు. పిల్ల నిచ్చెనెక్కి అన్నీ తనే కట్టింది. దిగి నన్ను వాటేసుకుంది. డొక్కలో నొప్పికి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. సంతోషం అనుకుంది.

రాత్రికి చిన్నోడికి అన్నం కలిపి ముద్దలు పెట్టాను. చిన్నప్పటిలా తిన్నాడు. "ఏంటమ్మా ఇవాళ ఇంత గారం" అన్నాడు.

జూలై 23, బుధవారం. ఆస్పత్రి

నర్సు కలం ఇచ్చింది, పుస్తకం నా చేతిసంచిలోనే ఉంది. దవడకి కట్టు ఉంది కాబట్టి మాట్లాడలేను, రాయగలను.

ఆదివారం నిశ్చితార్థానికి నలభై మంది వచ్చి ఉంటారు. ఉంగరాలు ఇంకా మార్చుకోలేదు. చిన్నోడు కొత్త చొక్కాలో రాజాలా ఉన్నాడు. చుట్టూ ఆ పిల్ల తరఫువాళ్ళు. ఎప్పుడూ చెప్పే కథే చెబుతున్నాడు, ఎనిమిదో అంతస్తులో లిఫ్టు ఇరుక్కుంటే లోపల ముగ్గురు పిల్లలు ఏడుస్తుంటే ఒంటిచేత్తో తలుపు తెరిచి బయటికి లాగిన సంగతి. అందరూ నోరు తెరిచి వింటున్నారు. పిల్ల వాడి పక్కనే నిలబడి ఉంది.

"అబద్ధం" అన్నాను.

పెద్దగానే అన్నాను. అందరూ తిరిగారు. "ఫైరువాళ్ళు తీశారు. నువ్వు మెట్ల మీద కూర్చుని వణికావు. ఇంటికొచ్చి నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చావు" అన్నాను. వాడు నవ్వుతూనే "అమ్మా, నువ్వు కూర్చో" అన్నాడు. చూపు మారింది. ఆ చూపు అక్కడ నాకొక్కదానికే తెలుసు. ఒంట్లో ప్రతి ఎముకా ఊరుకోమంది.

నవ్వాను. మొదట రాలేదు, బలవంతంగా నవ్వాను, తర్వాత నిజంగానే వచ్చేసింది, ఆపుకోలేకపోయాను. ఎవరో కుర్రవాడు కూడా కిసుక్కుమన్నాడు.

కొట్టేముందు ఒక్క క్షణం ఆగాడు. వాడికి అర్థమైపోయింది, నేను కావాలనే చేస్తున్నానని. అది వాడి కళ్ళల్లో స్పష్టంగా కనబడింది. చిన్నపిల్లాడిలా చూశాడు, వద్దమ్మా అన్నట్టు. ఆగుతాడేమోనని, నిజం చెప్పాలంటే, ఆశపడ్డాను. ఆగితే నా కొడుకు నాకు దక్కేవాడు.

ఆగలేదు. మొదటి దెబ్బకే దవడ పోయింది. జుట్టు పట్టుకుని పూల బల్లకేసి తల కొట్టాడు. ఎన్నిసార్లో తెలియదు. "నవ్వు. ఇప్పుడు నవ్వు" అంటున్నాడు. కింద పడ్డాక ఎప్పుడూ తన్నే చోటే తన్నాడు. బస్సు డ్రైవరూ ఇంకో నలుగురూ కలిసి లాగినా వాడి కాలు ఇంకా నా వైపే వచ్చింది. నోటినిండా రక్తం. తెల్ల పూలన్నీ పాడయ్యాయి.

నేల మీదనుంచి ఆ పిల్ల కోసం చూశాను. గోడకి అతుక్కుని నిలబడి ఉంది. ఒక్క దెబ్బ కూడా వదలకుండా చూసింది.

జూలై 24

పిల్ల వచ్చింది. స్టూలు లాక్కుని కూర్చుంది.

"నేను మీ ఎదురుగా కూర్చుని అడిగాను కదా ఆంటీ" అంది. అత్తయ్యా అనలేదు.

నర్సు ఇచ్చిన పలక తీసుకుని, చెప్తే నమ్మేదానివా అని రాశాను.

చదివి తల దించుకుంది. "నమ్మేదాన్ని కాదు" అంది. తర్వాత కోపంగా, "అయినా చెప్పాల్సింది. నమ్మకపోయినా చెప్పాల్సింది" అని ఏడ్చింది. నిజమే.

వెళ్తూ దుప్పటి సర్దింది. మళ్ళీ వస్తానని అనలేదు.

జూలై 25

పోలీసాయన వచ్చాడు. వయసైనవాడు, ఓపికగా రాసుకున్నాడు. చూసినవాళ్ళు నలభై మంది ఉన్నారు, మీరు పెట్టకపోయినా కేసు నిలుస్తుంది, మీ ఇష్టం అన్నాడు. పెడతానని రాసి చూపించాను. లాకప్పులో వాడేమైనా తిన్నాడా అని కూడా రాశాను. చదివి కాగితం తిప్పాడు.

పేరు, వయసు, వృత్తి అన్నీ అడిగాడు. వృత్తి దగ్గర కాగితం పూలు అని రాస్తే బాగుందమ్మా అన్నాడు. చివర్లో ఒక గడి మిగిలింది. "కొట్టినవాడు మీకేమవుతాడు? ఇక్కడ మీరే రాయాలమ్మా" అని కలం ఇచ్చాడు.

ఆయన తన టీ తాగేశాడు. నర్సు వచ్చి ఇంజెక్షన్ చేసి వెళ్లింది. నేనింకా ఆ గడి కేసే చూస్తున్నాను.

కొడుకు అని రాశాను.